డాక్టర్ సాబ్ భుజానికి మెత్తని స్ప్రింగు

పోయిన వారం నుంచి మా ఎదురింటి పైకప్పు మారుస్తున్నారు. పొద్దున్నే, బడికి వెళ్లే పిల్లలు ట్రామ్ స్టాపుకి చేరకముందే, ముగ్గురు పనివాళ్లు పైకెక్కి మేకులు దించే గాలి యంత్రంతో మొదలుపెడతారు. టక్, టక్, టక్ మని ఒక లయలో సాగుతుంది. ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకునే నాకు ఆ చప్పుడు చిరాకు తెప్పించాలి గానీ, ఎందుకో అలవాటైపోయింది. మొన్న మంగళవారం మాత్రం అది మధ్యలో ఆగింది. పైనున్న మనిషి యంత్రాన్ని విదిలించి మళ్లీ నొక్కాడు. మళ్లీ ఆగింది. దాన్ని తయారుచేసినవాళ్ల వంశం మొత్తాన్నీ జర్మన్‌లో తిట్టాడు. కిటికీ దగ్గర కాఫీ కప్పుతో నిలబడి, ఆ తర్వాతి చప్పుడు కోసం ఊపిరి బిగబట్టుకున్నానని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. అలా ఊపిరి బిగబట్టి నిలబడటం అంతకుముందు ఒక్కసారే జరిగింది. జీగెన్ దగ్గర ఒక అడవి అంచున, నవంబరు చలిలో, డాక్టర్ సాబ్ చేతిలో కార్బైన్ ఆగిపోయినప్పుడు.

తుపాకీ మాట రాగానే చదివేవాళ్లు కంగారు పడొద్దు. ఇది మా బావ కథ. మా బావ అంటే అక్క మొగుడు, వరంగల్ మనిషి, మెకానికల్ ఇంజినీరు. నేను పావడాలు వేసుకునే వయసులోనే అక్కను పెళ్లి చేసుకుని ఈ దేశం తీసుకొచ్చాడు. కార్ల్స్‌రూహె ఊరు దాటి, ట్రామ్ చివరి స్టాపు దాకా వెళ్తే వాళ్ల ఇల్లు. నేను చదువుకని వచ్చినప్పుడు ఊరి ఆఫీసులో నా పేరు నమోదు, ఇక్కడి అన్మెల్డుంగ్, చేయించింది ఆయనే, మొదటి చలికోటు కొనిచ్చింది ఆయనే, ఆ కోటు జిప్పు సరిగ్గా లేదని విప్పి బాగుచేసి, ఇక ఎప్పటికీ పైకి రాకుండా చేసింది కూడా ఆయనే. ఆయన చేయి పడిన వస్తువు ముందుకంటే బ్రహ్మాండంగా పనిచేసేది, పనిచేసినన్నాళ్లు. అక్క ఊరినుంచి తెచ్చుకున్న మిక్సీకి చప్పుడు తగ్గించాడు. చప్పుడు నిజంగానే తగ్గింది, పచ్చడి మాత్రం నలిగేది కాదు. మా అమ్మాయి పసిపాపగా ఉన్నప్పుడు దాని తోపుడుబండికి గతుకులు తెలియకుండా ఏదో బిగించాడు. అది ఎంత సుతారంగా ఊగేదంటే, పాప నిద్రపోయేది గానీ తోసేవాళ్లకు పడవ ఎక్కినట్టు కడుపులో తిప్పేది. ఏదైనా ఉన్నది ఉన్నట్టు ఉంటే ఆయనకు నిద్ర పట్టదు. ఇంకొంచెం తేలిగ్గా, ఇంకొంచెం మెత్తగా, ఇంకొంచెం నున్నగా. ఆ ఇంకొంచెం అనే మాటలోనే బావ బతుకంతా ఉండేది.

ఫ్యాక్టరీలో తోటి పనివాడొకరు ఆయన్ని ఒకనాడు ఊరి షూటింగ్ క్లబ్బుకి తీసుకెళ్లాడు. ఇక్కడ ప్రతి చిన్న ఊరికీ అలాంటి క్లబ్బు ఒకటి ఉంటుంది. అడవి పక్కన పొడుగాటి షెడ్డు, దాని ముందు చిన్న హోటలు, గోడలనిండా పాత ఛాంపియన్ల ఫొటోలు. బావకు గురి కంటే ఆ యంత్రం మీద మనసు పడింది. ఏళ్ల తరబడి పరీక్షలు, అనుమతులు, తనిఖీలు అన్నీ దాటి చివరికి ఒక కార్బైన్ కొనుక్కున్నాడు. కార్బైన్ అంటే చూడటానికి పొట్టి రైఫిల్, తినేది మాత్రం పిస్టల్ తూటా. భుజానికి ఆనించి ఇనప పళ్లాలను వరసగా పడగొట్టే పోటీల్లో వాడతారు. లోపల బరువైన ఒక బోల్టు, దాని వెనక ఒక స్ప్రింగు. తూటా పేలినప్పుడల్లా బోల్టు వెనక్కి వచ్చి, ఖాళీ గొట్టాన్ని బయట పారేసి, ఇంకో తూటాను ఎత్తుకుని ముందుకెళ్తుంది. "గింతే మరదలా, కుట్టుమిషిన్ లెక్క," అని నాకు వివరించేవాడు. చట్టం ముట్టుకోనిచ్చిన భాగాలను మాత్రమే ముట్టుకునేవాడు, ఆ విషయంలో బావ జర్మన్ల కంటే జర్మన్. అయితే ముట్టుకోనిచ్చిన వాటిని వదిలేవాడు కాదు. పట్టుకునే పిడి, భుజానికి ఆనే చెక్క, స్ప్రింగు, దాని వెనక రబ్బరు బిళ్ల, అన్నీ నెలకోసారి మారేవి. ఆయన కార్బైన్ ఒక శనివారం నెయ్యిలా జారేది, మరో శనివారం నాలుగు తూటాలకే మొండికేసేది. క్లబ్బులో అందరూ నవ్వేవాళ్లు, ఆయనా నవ్వేవాడు.

నవ్వనివాడు డాక్టర్ సాబ్ ఒక్కడే. ఆయన హైదరాబాదు పాతబస్తీ మనిషి, పెద్దాసుపత్రిలో మత్తుమందు డాక్టరు. బావకంటే ముందు వచ్చాడు ఈ దేశానికి. ఒకే ట్రామ్‌లో పక్కపక్క సీట్లలో కూర్చుని, ఇద్దరూ ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటే ఒకరి భాష ఒకరికి వినబడి స్నేహమైందట. బావే ఆయన్ని క్లబ్బుకి లాగాడు. అంత పాత స్నేహమైనా ఒకరినొకరు మీరు అనే పిలుచుకునేవాళ్లు. బావకు ఆయన డాక్టర్ సాబ్, ఆయనకు బావ ఇంజినీర్ సాబ్. క్లబ్బు వేసవి పండగకి అక్క మిరపకాయ బజ్జీలు వేసేది, డాక్టర్ సాబ్ భార్య, మేమందరం ఆపా అని పిలిచే ఆవిడ, షామీ కబాబులు చేసేది. బజ్జీ కొరికిన జర్మన్ పెద్దమనుషులు కళ్లనీళ్లు తుడుచుకుంటూ రెండోది అడిగేవాళ్లు. డాక్టర్ సాబ్ ఆపిల్ రసం గ్లాసు పట్టుకుని, ఆకుపచ్చ క్లబ్బు కోటు గుండీలన్నీ పెట్టుకుని, పెళ్లివారిలా అందరినీ పలకరిస్తూ తిరిగేవాడు.

ఆయన దగ్గరా ఒక కార్బైన్ ఉండేది. కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉండేది. దానికి నూనె తప్ప ఇంకేమీ తెలియదు. అది ఎన్నడూ ఆగి ఎరగదు. దాన్ని చూసినప్పుడల్లా బావ చేతులు దురదపెట్టేవి. కొంచెం ఇటివ్వండి, ఇంకా మంచిగా చేస్తానని అడిగేవాడు. ఊపిరి తీస్తున్న పేషెంటును నేనెన్నడూ కదిలించలేదు ఇంజినీర్ సాబ్ అని ఆయన నవ్వి, కార్బైన్ పెట్టెకు తాళం వేసుకునేవాడు.

డాక్టర్ సాబ్ రిటైరైన మొదటి చలికాలం మంచు మీద కాలు జారి కుడి భుజం మీద పడ్డాడు. ఆపరేషన్ అయింది, నెలల తరబడి వ్యాయామాలు చేయించారు, అయినా భుజం మునుపటిలా లేవలేదు. తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ చిన్నదే, కాని ఆ భుజానికి అదే ఎక్కువ. సరిగ్గా ఆ ఏడాదే మా ఊరి క్లబ్బు జట్టు మొట్టమొదటిసారి పెద్ద పోటీకి ఎంపికైంది. జట్టంటే ముగ్గురు: బావ, డాక్టర్ సాబ్, క్లబ్బు అధ్యక్షుడైన ఒక వడ్రంగి. ఇక నా వల్ల కాదు, వేరేవాళ్లను పెట్టుకోండి అన్నాడు డాక్టర్ సాబ్. మీరు లేకుంటే నేనూ పోను అన్నాడు బావ. అంతటితో ఆగకుండా, దెబ్బ తగలకుండా చేసే పూచీ నాదని మాటిచ్చాడు.

ఆ ఎండాకాలమంతా బావ శనివారాలు డాక్టర్ సాబ్ ఇంటి కింద నేలమాళిగలో, ఆ కెల్లర్‌లోనే గడిచాయి. నేనూ చాలాసార్లు వెళ్లాను, పని కోసం కాదు, ఆపా చేసే చాయ్ కోసం. కింద కెల్లర్‌లో నూనె వాసన, పైనుంచి యాలకుల వాసన. డాక్టర్ సాబ్ కుర్చీలో భుజానికి వేడినీళ్ల సంచీ పెట్టుకుని కూర్చునేవాడు. బావ ముక్కు చివర కళ్లద్దాలతో, చిన్నపిల్లవాడికి బట్టలు మార్చినంత జాగ్రత్తగా ఆ కార్బైన్ విప్పి, మళ్లీ కూర్చేవాడు. భుజానికి ఆనేచోట మందపాటి మెత్త పెట్టాడు. లోపల మెత్తటి స్ప్రింగు వేశాడు. తక్కువ తన్నే తూటాలు ఎంచాడు. ప్రతి మార్పుకీ డాక్టర్ సాబ్ మొహంకేసి చూసేవాడు, నొప్పి తగ్గిందా లేదా అని. తన కార్బైన్ మీద ఆడే ఆటలేవీ దీనిమీద ఆడలేదు. ఇంకొంచెం అనే మాట ఆయన నోట వినబడని ఎండాకాలం అదొక్కటే. ఆగస్టులో రేంజ్ మీద అది ఒక్కసారీ తడబడకుండా ఆడింది. పళ్లాలన్నీ వరసగా పడిపోయాయి. డాక్టర్ సాబ్ కార్బైన్ కింద పెట్టి, భుజం తడుముకుని, బావ రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఏం జాదూ చేసిండ్రు ఇంజినీర్ సాబ్. తన్నిందే తెలుస్తలేదు," అన్నాడు. బావ ఇంటికి వచ్చి అక్కకు ఆ మాట అదే గొంతుతో అప్పజెప్పాడు. చాలా రోజులపాటు వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాడు.

పోటీ నవంబరులో, జీగెన్ దగ్గర. నా కారు డిక్కీ పెద్దదని నేనే నడుపుకుంటూ తీసుకెళ్లాను. వడ్రంగి తన బండిలో ముందే చేరుకున్నాడు. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. మాట్లాడితే నోట్లోంచి పొగ. చూసేవాళ్లందరం అద్దం వెనక, చెవులకు మూతలు పెట్టుకుని నిలబడ్డాం. వడ్రంగి బాగా కొట్టాడు. బావ కార్బైన్ ఆ రోజు ఎందుకో బుద్ధిగా నడుచుకుంది, ఆయనా బాగానే కొట్టాడు. డాక్టర్ సాబ్ వంతు వచ్చేసరికి, ఆయన మామూలుగా కొడితే చాలు, మా ఊరి పేరు ముందు వరసలో ఉంటుందని లెక్క తేలింది. బావ నా పక్కకొచ్చి అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు.

మొదటి పళ్లెం పడింది. రెండోది పడింది. మూడోది కూడా. ఆ తర్వాత చప్పుడు రాలేదు. డాక్టర్ సాబ్ క్లబ్బులో తనకు నేర్పినట్టే చేశాడు, కంగారు లేదు. బోల్టు వెనక్కి లాగాడు, ఇరుక్కున్న గొట్టం రాలిపడింది, మళ్లీ భుజానికి ఆనించాడు. ఇంకొక్కటి పేలింది, మళ్లీ ఆగింది. మళ్లీ లాగాడు, ఈసారి భుజం కుంగడం నాకు అద్దంలోంచి కనబడింది. గడువు ముగిసిన గంట మోగింది. ఆయన కార్బైన్‌ను ఖాళీ చేసి, చూపించి, బల్లమీద నెమ్మదిగా పెట్టాడు. పడని పళ్లాలు వరసగా నిలబడే ఉన్నాయి.

వడ్రంగి ఇద్దరి వీపులూ తట్టి, వచ్చే ఏడాది ఉందిగా అన్నాడు. తిరుగు ప్రయాణంలో బావ నా పక్కన, డాక్టర్ సాబ్ వెనక సీట్లో. హైవే పక్కన ఆగినప్పుడు ముగ్గురం కలిసి కాఫీ తాగడానికి కుదరలేదు. డిక్కీలో తుపాకులుండగా బండిని వదిలిపోకూడదు, వాటి అనుమతి ఉన్నవాళ్లు ఒకరు కాపలా ఉండాలి. అందుకని డాక్టర్ సాబ్ వెళ్లొచ్చాక బావ వెళ్లాడు. ఒకే కాఫీ, ఒకే బల్ల, ఒకరి తర్వాత ఒకరు ఒంటరిగా. మళ్లీ బండి కదిలాక, చాలా దూరం వచ్చాక, వెనకనుంచి డాక్టర్ సాబ్ గొంతు సవరించుకున్నాడు.

"నా వల్లనే అయింది ఇంజినీర్ సాబ్. మాఫ్ చెయ్యుండ్రి."

బావ తల తిప్పలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేనూ ఆ మాటను హైదరాబాదు మర్యాద అనే అనుకున్నాను. కాలు తొక్కినవాడికి తొక్కించుకున్నవాడే క్షమాపణ చెప్పే ఊరు కదా అది. బావా అదే అనుకున్నాడని, ఆ మర్యాద ఆయనకు దెబ్బకంటే ఎక్కువగా తగిలిందని నాకు తెలుసు. ఎన్నడూ ఆగని వస్తువును ఆపేశాను, ఆ మనిషి పైగా నన్నే క్షమించమంటున్నాడు అని అక్క ముందు కూర్చుని అన్నాడట. ఆయన అన్నం ముట్టకుండా అలా కూర్చోవడం అక్క ఎప్పుడూ చూడలేదు.

మరుసటి వారం బావ డాక్టర్ సాబ్ ఇంటికెళ్లి, కెల్లర్‌లో పాత స్ప్రింగు మళ్లీ వేశాడు. ఇద్దరూ రేంజికి వెళ్లి, అదే చలిలో, బావే దాన్ని కాల్చి చూశాడు. ఒక్కసారీ ఆగలేదు. అది ఆగకపోవడం ఆయనకు తీర్పు చెప్పినట్టయింది. చలికి లోపలి నూనె చిక్కబడింది, మెత్తటి స్ప్రింగుకి దాన్ని నెట్టే బలం లేకపోయింది, తప్పు ముమ్మాటికీ నాదే అని తేల్చుకున్నాడు. తేల్చుకుని నోరు మూసుకున్నాడు. డాక్టర్ సాబ్ పైకి పిలిచినా చాయ్ తాగకుండా వచ్చేశాడు.

ఆ చలికాలంలోనే డాక్టర్ సాబ్ వాళ్లు కొలోన్ వెళ్లిపోయారు. కూతురు అక్కడ పనిచేస్తుంది, మనవడికి కిటాలో, అంటే పసిపిల్లల బడిలో, చోటు దొరకలేదు, చూసుకోవడానికి అమ్మమ్మాతాతయ్యలు కావాలి. సామాను సర్దడానికి నేనూ అక్కా వెళ్లాం, బావ తనకు ఆ రోజు డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు ఉందన్నాడు. ఉండే ఉంటుంది. తర్వాత ఈద్‌కి బావ, ఉగాదికి ఆయన ఫోను చేసుకునేవాళ్లు. ఆరోగ్యం ఎట్లుంది, అంతా మంచిదే, అక్కడ చలి ఎట్లుంది, అంతే. బావ క్లబ్బుకి పోవడం తగ్గించాడు, తర్వాత మానేశాడు. అక్క ఒకసారి నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. "ఇంట్ల ఏది ఖరాబైనా ముట్టుకుంటలేడు చెల్లె. మొన్న కుక్కర్ పిడి ఊడితె కొత్తది కొందామన్నడు. కొందామన్నడే, నాకు భయమైంది."

రెండేళ్లకు మా ఆఫీసువాళ్లు నన్ను ఒక పని మీద కొలోన్ పంపారు. సాయంత్రం ఖాళీగా ఉంటే డాక్టర్ సాబ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆపా బగారన్నం వండింది. ఆయన కాస్త చిక్కాడు, నవ్వు మాత్రం అదే. మనవడు ఆయన ఉర్దూకి జర్మన్‌లో జవాబులు చెబుతూ చుట్టూ తిరుగుతున్నాడు. భోజనమయ్యాక బావ సంగతి అడిగాడు. ఇంకా కోపంగానే ఉన్నాడా అన్నాడు. నాకు అర్థం కాక, ఎవరి మీద అన్నాను.

"నా మీదనే బిడ్డా. ఆ దినం నా భుజం జారింది. నొప్పైతదేమో అని కార్బైన్‌ను గట్టిగ అదిమి పట్టుకోలె, ఒదులుగ పట్టుకున్న. గట్ల పడితె ఎంత మంచి మిషినైన ఆగుతది. ఎండాకాలమంత కూసొని చేసిండు పాపం, నేను బద్నాం చేసిన. కార్ల చెప్పిన గద, నా వల్లనే అని. ఆయన కాదనలె. కాదంటడని చూసిన."

నేను చెయ్యి కడుక్కోవడం కూడా మరిచాను. బావ ఏమనుకుంటున్నాడో చెప్పాను. చలిలో పాత స్ప్రింగు పరీక్ష నుంచి కుక్కర్ పిడి దాకా అన్నీ చెప్పాను. ఆయన మొదట నవ్వాడు. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అవి తుడవడానికి చాలాసేపు పట్టింది.

బావకు ఆ మాట చెబితే వెంటనే నమ్మలేదు. డాక్టర్ సాబ్ అట్లనే అంటడు, ఆయన తహజీబ్, మర్యాద గసుంటిది అన్నాడు. అక్క మొదటిసారి ఆయన మీద గట్టిగా మాట్లాడింది. నీకు నీ స్ప్రింగు మీదున్న నమ్మకం ఆ మనిషి మాట మీద లేదా అని అడిగింది. ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాడు. ఈస్టర్ సెలవులకు ముగ్గురం రైల్లో కొలోన్ వెళ్లాం.

తలుపు తీయగానే ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. చాయ్ వచ్చేదాకా చలి గురించి, రైళ్ల ఆలస్యం గురించి మాట్లాడుకున్నారు. తర్వాత బావే మొదలుపెట్టాడు, తప్పు స్ప్రింగుదని. కాదు భుజానిదని ఆయన. నూనె చిక్కబడిందని ఈయన. పట్టు వదులైందని ఆయన. ఇద్దరూ ఆ తప్పుకోసం పోట్లాడుకుంటుంటే, ఆపా ట్రే బల్లమీద పెట్టి, దీనికోసమా ఇన్నాళ్లు అంది. నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, రెండూ కలిస్తేనే ఆ కార్బైన్ ఆగి ఉంటుందని. గట్టి భుజమైతే ఆ స్ప్రింగు ఆడేది, గట్టి స్ప్రింగైతే ఆ భుజమూ నెగ్గుకొచ్చేది. ఆ మాట అక్కడ ఎవరికీ అక్కర్లేదు కనక అనలేదు.

మళ్లీ షురూ చేద్దామా, మీ కార్బైన్ ఎక్కడుంది అని బావ అడిగాడు. కొలోన్ వచ్చిన కొత్తలోనే అమ్మేసి, అనుమతి కాగితాలు తిరిగిచ్చేశానన్నాడు డాక్టర్ సాబ్. అది పోతే పోయింది, నా దానితో కాల్చండి, భుజం ఎట్లుంది అన్నాడు బావ. డాక్టర్ సాబ్ కుడిచెయ్యి పైకెత్తాడు. చెవి దాటి, తల దాటి, పూర్తిగా లేచింది. బావ మొహం వెలిగింది.

"భుజం మేము కొలోన్ వచ్చిన ఏడాదే మంచిగైంది ఇంజినీర్ సాబ్," అన్నాడు ఆయన. "ఆ ఎండాకాలమంత బాగుండె. మీరు ఒక్కసారి పిలుస్తరని చూసిన. ఇప్పుడు కండ్లు పోయినయి. మీరు ఎదురుంగ కూసున్నరని తెలుస్తది, మీ మొహం కనబడది."

"నేను మీరు పిలుస్తె వద్దామని కూసున్న," అన్నాడు బావ.

డాక్టర్ సాబ్‌ది చూపు మధ్యభాగం మసకబారే జబ్బట. మందులతో ఆగుతుంది గానీ తిరిగి రాదు. మేము తిరిగి బయలుదేరేముందు డాక్టర్ సాబ్ తమ బాల్కనీ తలుపు కిర్రుమంటోందని, బిల్డింగు మరమ్మతులు చూసే హౌస్‌మైస్టర్‌కి ఎన్నిసార్లు చెప్పినా రావడం లేదని అన్నాడు. బావ ఒక క్షణం తటపటాయించి, ఆపా దగ్గర వంటనూనె అడిగి తీసుకుని, మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇంకొంచెం అనలేదు. రెండు చుక్కలు వేసి, తలుపు ఒకసారి తీసి వేసి, లేచాడు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటారు. గంటసేపు అవుతుంది, అక్క అన్నం చల్లారిపోయిందని అరుస్తుంది. బావ కూడా తన కార్బైన్ క్లబ్బులో ఒకరికి ఇచ్చేశాడు. వాళ్ల స్నేహం తిరిగొచ్చింది, అందుకు నాకు సంతోషమే. అయినా ఆ ఇద్దరినీ తలుచుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది వాళ్లు కలిసిన ఈస్టర్ కాదు, కలవని ఆ ఎండాకాలం. ఒకరి భుజం లేచి, కళ్లు కనబడి, ఇంకొకరి చేతులు ఖాళీగా ఉండి, మధ్యలో కొన్ని గంటల రైలు దూరం మాత్రమే ఉన్న ఎండాకాలం. మనసులో మాట ఎప్పటికైనా చెప్పుకోవచ్చు, అది ఆలస్యమైనా చెల్లుతుంది. దాన్ని చెప్పుకున్నాక కలిసి గడపాల్సిన రోజులు మాత్రం మనకోసం ఆగకుండా, వాటి మానాన అవి వెళ్లిపోతాయి.